సరిహద్దుకు ఎవరు వెళ్లాలో ఎలా తేలుతుంది?

భారత సైన్యంలో ఫలానా జవానును ఫలానా కొండ మీదికి పంపాలని ఒక అధికారి పేర్ల జాబితా ముందేసుకుని తేల్చడం అరుదు. ముందుగా తేలేది ఏ పటాలం వెళ్లాలన్నది. ఆ పటాలంలో ఉన్నాడు కాబట్టి జవాను వెళ్తాడు. ఆ పటాలంలో ఎందుకు ఉన్నాడంటే, సైన్యంలో చేరినప్పుడు అతనికి దక్కిన రెజిమెంటు అది. బయల్దేరే నాటికి వైద్యుడు అతనికి ఏ శ్రేణి ఇచ్చాడు, సెలవులో ఉన్నాడా, కోర్సుకు పోయాడా అన్న లెక్కలు ఆ తర్వాత వస్తాయి. ఇంటివాళ్లకు ఒక్క ఉత్తర్వుగా కనిపించేది నిజానికి ఏళ్ల తరబడి వేర్వేరు కార్యాలయాల్లో వేర్వేరు మనుషులు తీసుకున్న నిర్ణయాల మొత్తం.

సూర్యాపేటకు చెందిన కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో ఎందుకు ఉన్నారన్న ప్రశ్నకు జవాబు కూడా ఇలా మెట్లు మెట్లుగానే దొరుకుతుంది. విజయనగరం జిల్లా కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివి, నేషనల్ డిఫెన్స్ అకాడమీ, డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలటరీ అకాడమీ దాటి 2004 డిసెంబరులో ఆయన అధికారి అయ్యారు. కేటాయింపులో వచ్చింది 16వ బిహార్ పటాలం. పదిహేనేళ్ల తర్వాత, కల్నల్ హోదాలో అదే పటాలానికి కమాండింగ్ ఆఫీసర్ అయ్యారు. ఆ పటాలం తన వంతు ప్రకారం తూర్పు లద్దాఖ్‌లో ఉంది. ఆయనకు హైదరాబాద్‌కు బదిలీ వచ్చిందని, లాక్‌డౌన్ వల్ల రాక ఆలస్యమైందని కుటుంబ సభ్యులు అప్పట్లో పత్రికలకు చెప్పారు. రెజిమెంటు, కమాండు, పటాలం వంతు, వాయిదా పడిన బదిలీ. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి మరోలా ఉన్నా ఆ రాత్రి ఆ చోట మరొక అధికారి నిలబడి ఉండేవారు. చైనా సైనికులతో జరిగిన ఆ ఘర్షణలో సంతోష్‌బాబుతో సహా 20 మంది భారత సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 2021 గణతంత్ర దినోత్సవ సందర్భంగా ప్రభుత్వం ఆయనకు మరణానంతరం మహావీర్ చక్ర ప్రకటించింది.

సైన్యంలో మనుషులు కదలడానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది యూనిట్ మొత్తంగా కదలడం. పదాతి దళంలో సుమారు 800 మంది ఉండే బెటాలియన్, అంటే పటాలం, వంటవాళ్ల నుంచి కమాండింగ్ ఆఫీసర్ దాకా ఒక్కటిగా ఒక స్టేషన్ వదిలి మరో స్టేషన్‌కు వెళ్తుంది. రెండోది పోస్టింగ్. ఇందులో యూనిట్ ఉన్నచోటే ఉంటుంది, మనిషి ఒక్కడే మారతాడు. పదాతి జవానుకు మొదటి దారి ముఖ్యం. సిగ్నల్స్, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లు), ఆర్డ్‌నెన్స్, మెడికల్ కోర్ వంటి విభాగాల్లో పనిచేసేవారికి రెండో దారి ఎక్కువగా ఎదురవుతుంది, ఎందుకంటే వాళ్ల పనితనం ప్రతి పటాలానికీ, ప్రతి కేంద్రానికీ కొద్దికొద్దిగా కావాలి. ఒకే ఊరినుంచి ఒకే ఏడాది చేరిన ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు పదేళ్లూ అవే ముఖాల మధ్య ఊళ్లు తిరిగితే, రెండోవాడు మూడేళ్లకోసారి కొత్తవాళ్ల మధ్య పడతాడు. తేడా ఇక్కడినుంచే మొదలవుతుంది.

ఏ దారి దక్కుతుందన్నది నియామకం నాడే దాదాపు ఖరారవుతుంది. కోదాడ, మిర్యాలగూడ, సూర్యాపేట కుర్రాళ్లు సికింద్రాబాద్ ఆర్మీ రిక్రూటింగ్ ఆఫీసు పరిధిలోకి వస్తారు. కోదాడ దాటి రాష్ట్ర సరిహద్దు అవతల జగ్గయ్యపేటలో ఉన్నవాళ్లు ఆంధ్రప్రదేశ్ వైపు కార్యాలయానికి దరఖాస్తు చేసుకోవాలి. పరుగు, ఎత్తు, ఛాతీ కొలతలు, వైద్య పరీక్ష, రాత పరీక్ష దాటాక అభ్యర్థి ఏ తరగతిలో ఎంపికయ్యాడో, ఏ రెజిమెంటులో ఖాళీలున్నాయో చూసి కేటాయింపు జరుగుతుంది. తెలుగు కుర్రాళ్లు ఎక్కువగా కనిపించే పదాతి విభాగం మద్రాస్ రెజిమెంట్. దాని శిక్షణ కేంద్రం నీలగిరి కొండల్లోని వెల్లింగ్టన్‌లో ఉంది. ఫిరంగి దళానికి వెళ్లేవారికి గోల్కొండలోని ఆర్టిలరీ సెంటర్, ఈఎంఈకి, ఆర్డ్‌నెన్స్‌కు వెళ్లేవారికి సికింద్రాబాద్ కేంద్రాలు, ఇంజనీర్లలో చేరేవారికి బెంగళూరులోని మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ ఉన్నాయి. శిక్షణ ఇంటి దగ్గర జరిగినా, ఆ తర్వాతి కొలువుకు దానితో సంబంధం ఉండదు.

పాత పదాతి రెజిమెంట్లు ప్రాంతాన్ని బట్టి, సామాజిక వర్గాన్ని బట్టి జవాన్లను తీసుకునే సంప్రదాయంలో ఏర్పడ్డాయి. అధికారులకు ఆ నియమం లేదు. దేశంలో ఎక్కడివారినైనా ఏ రెజిమెంటుకైనా కేటాయిస్తారు. అధికారి తన జవాన్ల భాష నేర్చుకోవాలి, వాళ్ల పండుగలు చేయాలి, వాళ్ల గుడిలో మొక్కాలి. 2020లోనే దీనికి మనసును కలచివేసే ఉదాహరణ దొరుకుతుంది. జూన్‌లో బిహార్ పటాలాన్ని నడిపిస్తూ సూర్యాపేట అధికారి ప్రాణమిచ్చారు. నవంబరు 8న కాశ్మీర్‌లోని మాఛిల్ సెక్టార్‌లో చొరబాటుదారులతో జరిగిన పోరులో 18వ మద్రాస్ పటాలానికి చెందిన ముగ్గురు మరణించారు. హవల్దార్ ప్రవీణ్‌కుమార్ రెడ్డిది చిత్తూరు జిల్లా, జవాను ర్యాడా మహేశ్‌ది నిజామాబాద్ జిల్లా. వాళ్లతో పాటు ఒరిగిన కెప్టెన్ అశుతోష్ కుమార్‌ది బిహార్‌లోని మధేపురా. చిత్తూరుకూ నిజామాబాద్‌కూ మధ్య వందల కిలోమీటర్ల దూరం ఉన్నా ఆ ఇద్దరినీ ఒకే రోజు ఒకే కొండ మీద నిలిపింది వాళ్ల పటాలమే.

ఏ పటాలం ఎప్పుడు ఎక్కడికి వెళ్లాలన్నది ఢిల్లీలోని ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ ముందుగానే ప్రణాళిక వేస్తుంది. దీనికి ఆధారం దేశంలోని స్టేషన్లను ఫీల్డ్, పీస్ అని విడదీసిన వర్గీకరణ. నియంత్రణ రేఖ, వాస్తవాధీన రేఖ, ఉగ్రవాద ప్రభావం ఉన్న ప్రాంతాలు ఫీల్డ్. సికింద్రాబాద్, జబల్‌పూర్, మీరట్ వంటివి పీస్. ఫీల్డ్‌లో కుటుంబాన్ని వెంట ఉంచుకోవడానికి వీలుండదు. పీస్‌లో క్వార్టర్ దొరికితే భార్యాపిల్లలు వచ్చి ఉండొచ్చు, పిల్లలు కేంద్రీయ విద్యాలయంలో చదవొచ్చు. పటాలం సుమారు రెండు మూడేళ్లు ఫీల్డ్‌లో గడిపితే తర్వాతి విడత పీస్ రావాలన్నది సూత్రం. కచ్చితమైన కాలం ఆ ప్రాంతపు కష్టాన్ని బట్టి మారుతుంది. నాగార్జున సాగర్ ఎడమ కాలువ కింద నీళ్లు చాలని ఏడాది వారబందీ పెట్టి వంతుల వారీగా నీళ్లు వదులుతారు. పటాలాల వంతు కూడా అలాంటిదే, కాకపోతే ఇక్కడ పంచుకోవలసింది కష్టం. వారబందీలో చివరి భూముల రైతుకు వంతు తప్పే ప్రమాదం ఉన్నట్టే, అవసరం ముంచుకొస్తే పటాలానికి రావలసిన పీస్ వెనక్కు జరిగి, ఫీల్డ్ మీద ఫీల్డ్ పడుతుంది.

ఈ మార్పిడిని సైన్యంలో టర్నోవర్ అంటారు. కొత్త పటాలం నుంచి మొదట అడ్వాన్స్ పార్టీ వెళ్తుంది. పాత పటాలం వాళ్లతో కలిసి పోస్టులు, గస్తీ దారులు, మందుపాతరల హద్దులు, అవతలి పక్షం అలవాట్లు చూసుకుంటుంది. తర్వాత మెయిన్ బాడీ ప్రత్యేక రైళ్లలో, లారీల్లో చేరుతుంది. పాత పటాలం తరఫున కొద్దిమంది చివరిదాకా ఉండి సామాను, లెక్కలు అప్పజెప్పి కదులుతారు. పటాలాన్ని పటాలం విడిపించే ఈ పద్ధతిలో ఒక మెలిక ఉంది. వచ్చేవాళ్లు రాకపోతే ఉన్నవాళ్లు కదలలేరు. 2020 మార్చిలో కోవిడ్ వల్ల రైళ్లు ఆగిపోయి, సైన్యం బదిలీలను, యూనిట్ల కదలికలను వాయిదా వేసినప్పుడు దేశమంతటా వేలమంది తమ వంతు అయిపోయాక కూడా ఫీల్డ్‌లోనే ఉండిపోయారు. అది ఎవరి తప్పూ కాదు. అయినా దాని బరువు మోసింది మాత్రం ఆ జవాన్లూ వాళ్ల ఇళ్లే. ఈ మాట చెప్పకుండా లద్దాఖ్ కథ చెప్పడం అన్యాయం.

వ్యక్తిగత పోస్టింగుల యంత్రాంగం వేరు. జవాన్లకు, జేసీఓలకు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లకు) ప్రతి రెజిమెంటుకూ ఒక రికార్డ్స్ ఆఫీసు ఉంటుంది. బిహార్ రెజిమెంట్‌కు దానాపూర్, ఆర్టిలరీకి నాసిక్, ఈఎంఈకి సికింద్రాబాద్. చేరిన తేదీ, చేసిన కోర్సులు, ఫీల్డ్‌లో గడిపిన కాలం, వైద్య శ్రేణి, ప్రమోషన్లు, భార్యాపిల్లల వివరాలు అన్నీ అక్కడే ఉంటాయి. ఎక్కడ ఖాళీ ఏర్పడుతుందో చూసి పోస్టింగ్ ఆర్డరు జారీ చేసేది ఈ కార్యాలయమే. అధికారుల విషయం ఢిల్లీలోని మిలటరీ సెక్రటరీ బ్రాంచ్ చూస్తుంది. అధికారి ఇంతకుముందు ఎక్కడ పనిచేశాడు, పై ర్యాంకుకు కావలసిన కమాండు అనుభవం ఉందా, భార్య కూడా ఉద్యోగినా, పిల్లలు పదో తరగతి లేదా పన్నెండో తరగతి పరీక్షల ఏడాదిలో ఉన్నారా అన్నవి లెక్కలోకి తీసుకుంటారు. అయితే సంస్థ అవసరం ముందు, వ్యక్తి సౌకర్యం తర్వాత అన్న వరుస ఎప్పుడూ మారదు. లెఫ్టినెంట్ కల్నల్ నుంచి కల్నల్ కావడానికి ఎంపిక బోర్డు గట్టెక్కాలి. గట్టెక్కినవారికి పటాలం కమాండు దక్కుతుంది. పదాతి అధికారి జీవితంలో అందరూ కలలు కనే కాలం అదే. అందుకే ఆ పోస్టింగ్ ఎంత ప్రమాదకరమైన చోట వచ్చినా వద్దనుకునేవారు తక్కువ.

పదాతి జవాను కూడా అప్పుడప్పుడు తన పటాలం వదిలి వెళ్తాడు. దాన్ని ఈఆర్ఈ అంటారు. ఎన్‌సీసీ బెటాలియన్‌లో శిక్షకుడిగా, రిక్రూటింగ్ ఆఫీసులో, ఏదో ఒక హెడ్‌క్వార్టర్స్‌లో రెండు మూడేళ్లు పనిచేసి మళ్లీ పటాలానికి వస్తాడు. సొంత జిల్లాకు దగ్గరగా ఎన్‌సీసీ పోస్టింగ్ వస్తే ఇంటిల్లిపాదికీ పండుగే. అలాగని పటాలం వదిలిన ప్రతిసారీ సుఖమైన చోటు దొరకదు. కాశ్మీర్‌లో ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్‌కు సొంత నియామకాలు లేవు. 1990లో ఏర్పడిన ఈ దళంలో ఒక్కో బెటాలియన్‌కు ఒక్కో మాతృ రెజిమెంటు ఉంటుంది. ఆ రెజిమెంటు పటాలాల నుంచి, ఇతర విభాగాల నుంచి మనుషులు నిర్ణీత కాలానికి వచ్చి పనిచేసి వెనక్కు వెళ్తారు. దళం అక్కడే ఉంటుంది, మనుషులు మారుతుంటారు. కాబట్టి పీస్ స్టేషన్‌లో ఉన్న పటాలం నుంచి కూడా ఎప్పుడూ కొందరు కాశ్మీర్‌లో ఉంటారు. ఎవరిని పంపాలన్నదాంట్లో పటాలం మాట బాగా చెల్లేది ఇక్కడే. గతంలో ఆర్ఆర్ చేయనివాళ్లు, చురుకైనవాళ్లు, కావలసిన కోర్సు చేసినవాళ్లు ముందు వరుసలో ఉంటారు.

ఇంతదాకా చెప్పినది కాగితం మీద జరిగే లెక్క. దాన్ని తలకిందులు చేయగలిగింది మనిషి ఒళ్లు. సైన్యంలో ప్రతి ఒక్కరికీ ఏటా వైద్య పరీక్ష జరిగి, షేప్ అనే పద్ధతిలో శ్రేణి ఇస్తారు. మానసిక స్థితి, వినికిడి, కాళ్లూ చేతులూ, సాధారణ శరీర ఆరోగ్యం, కంటిచూపు అనే ఐదింటినీ విడివిడిగా చూసి, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేస్తారు. అన్నింట్లోనూ ఒకటి వస్తే షేప్-1. అంటే దేశంలో ఎక్కడికైనా, ఏ ఎత్తుకైనా పంపవచ్చు. రక్తపోటో, చక్కెరో, మోకాలి గాయమో ఉంటే అంకె పెరిగి లో మెడికల్ కేటగిరీ వస్తుంది. దానితో పాటు ఎత్తైన చోట్లకు పంపరాదని, బరువు పనులు చెప్పరాదని, ఆసుపత్రికి దగ్గరగా ఉంచాలని షరతులు రాస్తారు. ఆ షరతును పోస్టింగ్ ఆర్డరు దాటలేదు. ఇది జవానుకు రక్షణే, కానీ ప్రమోషన్ మీద ప్రభావం పడుతుంది కాబట్టి నొప్పిని దాచుకుని షేప్-1 నిలబెట్టుకోవాలని చూసేవాళ్లూ ఉంటారు.

షేప్-1 ఉన్నవాడిని కూడా మైదానం నుంచి నేరుగా గల్వాన్‌కు పంపలేరు. సముద్ర మట్టంలోనూ 14 వేల అడుగుల ఎత్తులోనూ గాలిలో ప్రాణవాయువు వాటా ఒక్కటే, సుమారు 21 శాతం. కానీ పైన గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో ఉండేదానిలో 60 శాతం దగ్గర ఉంటుంది. ఒత్తిడి తగ్గితే ఊపిరితిత్తుల నుంచి రక్తంలోకి చేరే ప్రాణవాయువు తగ్గుతుంది. శరీరం వెంటనే చేసేది వేగంగా ఊపిరి తీయడం. అలా తీస్తే బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా బయటికి పోయి రక్తంలో క్షారత్వం పెరుగుతుంది, దాంతో ఊపిరి వేగానికి మళ్లీ కళ్లెం పడుతుంది. మూత్రపిండాలు ఆ క్షారాన్ని వదిలించి సర్దడానికి కొన్ని రోజులు కావాలి. ఎర్ర రక్తకణాలు పెరగడానికి వారాలు పడుతుంది. ఈ గడువు ఇవ్వకుండా మనిషిని పైకి పంపితే తలనొప్పి, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి. కొందరికి రెండు నుంచి నాలుగు రోజుల్లోపు ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, కొందరికి మెదడు వాస్తుంది. వెంటనే కిందికి దించకపోతే ప్రాణం పోవచ్చు.

ఈ జ్ఞానంలో పెద్ద భాగం భారత జవాన్ల శరీరాల నుంచే వచ్చింది. 1962 చైనా యుద్ధ కాలంలో మైదానాల నుంచి సైనికులను ఉన్నట్టుండి హిమాలయాలకు తరలించినప్పుడు ఎందరో జబ్బుపడ్డారు. సైనిక వైద్యుడు ఇందర్ సింగ్, ఆయన సహచరులు ఆ రోగులను పరిశీలించి, 1,925 మంది సైనికుల్లో కనిపించిన పర్వత వ్యాధి గురించి 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించారు. ఆ రంగంలో ప్రపంచమంతా ఉదహరించే అధ్యయనాల్లో అది ఒకటి. ఇప్పుడు సైన్యం పాటించే పద్ధతి మూడు మెట్లుగా ఉంటుంది. సుమారు 2,700 నుంచి 3,600 మీటర్ల మధ్య ఆరు రోజులు, 4,500 మీటర్ల దాకా నాలుగు రోజులు, ఆ పైన మరో నాలుగు రోజులు. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి మొదటి మెట్టు అక్కడే పూర్తవుతుంది. తొలి రెండు రోజులు విశ్రాంతి, తర్వాత నడక, ఆ పైన బరువుతో ఎక్కడం. సెలవు మీద కోదాడ వచ్చి వారాలు గడిపిన జవాను తిరిగి వెళ్లినప్పుడు మళ్లీ అలవాటు పడవలసిందే, ఎందుకంటే కిందికి దిగాక శరీరం నేర్చినదాన్ని పోగొట్టుకుంటుంది. సైనికాధికారులకు దీని అర్థం స్పష్టం. కొండ మీద ఉన్న ఒక్క పటాలం, మైదానంలో సిద్ధంగా ఉన్న మరో పటాలం ఒకే లెక్క కావు. రెండోదాన్ని ఎంత వేగంగా విమానం ఎక్కించినా పోరుకు పనికిరావడానికి రెండు వారాలు పడుతుంది.

సియాచిన్ వంటి చోట నిబంధనలు ఇంకా కఠినం. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్‌తో అక్కడ కాలుపెట్టిన సైన్యం, పటాలాన్ని నెలల లెక్కన మార్చుతుంది, పై పోస్టుల్లో ఒక మనిషిని సుమారు మూడు నెలలకు మించి ఉంచదు. ముందు బ్యాటిల్ స్కూల్లో మంచు మీద నడక, తాళ్లతో ఎక్కడం, మంచు చీలికలో పడ్డవాడిని లాగడం నేర్పుతారు. అందులో తట్టుకోలేనివారిని కింద ఆపేస్తారు. 2023 జనవరిలో కెప్టెన్ శివా చౌహాన్ ఇదే శిక్షణ పూర్తి చేసి సియాచిన్‌లోని కుమార్ పోస్టులో విధుల్లో చేరిన మొదటి మహిళా అధికారి అయ్యారు. అక్కడ పనిచేసే జవానుకు నెలకు 30 వేలు, అధికారికి 42,500 రూపాయల ప్రత్యేక భత్యాన్ని ఏడో వేతన సంఘం తర్వాత 2017లో నిర్ణయించారు.

పటాలం చేరవలసిన చోటికి చేరాక, లోపలి పంపకం కమాండింగ్ ఆఫీసర్ చేతిలో ఉంటుంది. నాలుగు రైఫిల్ కంపెనీల్లో దేన్ని ముందు పోస్టులకు పంపాలి, దేన్ని వెనక ఉంచాలి, ఎన్నాళ్లకు మార్చాలి అన్నది ఆయన నిర్ణయం. కాగితం మీద 800 మంది ఉన్నా పోస్టుల మీద నిలబెట్టగలిగేది అంతకన్నా చాలా తక్కువ. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి కాబట్టి ఎప్పుడూ కొందరు ఇళ్ల దగ్గర ఉంటారు. కొందరు కోర్సుల్లో, కొందరు ఆసుపత్రిలో, కొందరు ఈఆర్ఈలో, కొందరు లో మెడికల్ కేటగిరీలో ఉంటారు. సంక్రాంతికి ఇంటికి పోవాలని తెలుగు జవాన్లంతా, ఛఠ్ పూజకు పోవాలని బిహారీలంతా అడుగుతారు. సగం మందికి ఇచ్చి సగం మందిని ఆపడం కంపెనీ సుబేదారుకు ఏటా వచ్చే తలనొప్పి. దాడుల కోసం ప్రతి పదాతి పటాలంలో ఘాతక్ అనే ప్లటూన్ ఉంటుంది. ఇందులో చేరేవాళ్లు ఎక్కువగా తామే ముందుకొచ్చినవాళ్లు, కఠిన పరీక్షల్లో నెగ్గినవాళ్లు. మోహరింపు మొత్తంలో మనిషి ఇష్టానికి నిజంగా చోటున్న మెట్టు ఇది.

వంతుల లెక్క యుద్ధం వచ్చినప్పుడు నిలవదు. అప్పుడు చూసేది మూడు విషయాలు: ఎవరు దగ్గర ఉన్నారు, ఎవరిని తీసినా సరిహద్దు ఖాళీ కాదు, ఎవరు ఆ నేలకు అలవాటు పడ్డారు. 1987 జూలై 29న భారత్, శ్రీలంక ఒప్పందం కుదిరిన మరుసటి రోజే జాఫ్నాలో దిగిన దళం సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న 54వ ఇన్‌ఫాంట్రీ డివిజన్. అది ఏ సరిహద్దు రేఖనూ కాపలా కాస్తున్న దళం కాదు, దక్షిణాన ఉంది, విమానాలకూ ఓడలకూ దగ్గర. శాంతి పరిరక్షణకని వెళ్లిన ఆ సైనికులు అక్టోబరుకల్లా ఎల్‌టీటీఈతో యుద్ధంలో చిక్కుకున్నారు. 1990 మార్చిలో ఆఖరి దళం తిరిగి వచ్చేసరికి సుమారు 1,200 మంది ప్రాణాలు పోయాయి. 1999లో కార్గిల్‌లో మూడో లెక్క పనిచేసింది. కాశ్మీర్ లోయలో ఉన్న 8వ మౌంటెన్ డివిజన్‌ను ద్రాస్ వైపు తిప్పారు. హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్య పనిచేసిన 2వ రాజ్‌పుతానా రైఫిల్స్ అక్కడి శిఖరాల మీద పోరాడింది. ఆయన 1999 జూన్ 28న నేలకొరిగి, మహావీర్ చక్ర పొందారు. గల్వాన్ తర్వాత అన్ని లెక్కలూ కలిసివచ్చాయి. వైమానిక దళం తూర్పు లద్దాఖ్‌కు 68 వేలకు పైగా సైనికులను, ట్యాంకులను, ఫిరంగులను చేరవేసిందని రక్షణ వర్గాలు 2023లో వెల్లడించాయి. వాళ్లలో ప్రతి ఒక్కరూ తాను వెళ్లే ఎత్తును బట్టి పైన చెప్పిన మెట్లు ఎక్కవలసి వచ్చింది.

ఇలాంటి పెద్ద కదలిక సైన్యం తనంతట తాను చేయదు. ప్రధాని నాయకత్వంలోని భద్రతా వ్యవహారాల క్యాబినెట్ సంఘం ఏం కావాలో నిర్ణయిస్తే, ఆర్మీ హెడ్‌క్వార్టర్స్ దాన్ని దళాల లెక్కలోకి మారుస్తుంది. ఉధంపూర్‌లోని నార్తర్న్ కమాండ్, లేహ్‌లోని 14వ కోర్, దాని కింది డివిజన్, బ్రిగేడ్ మీదుగా ఉత్తర్వు పటాలానికి చేరుతుంది. విదేశీ శాంతి దళాల విషయంలో ఐక్యరాజ్య సమితి అడగాలి, ప్రభుత్వం ఒప్పుకోవాలి, ఆ తర్వాత పటాలం ఎంపిక. సంతోష్‌బాబు కాంగోలో ఇలాంటి బాధ్యతల్లో పనిచేసి వచ్చారు.

ఇతర దేశాల అనుభవం చూస్తే పటాలాన్ని కలిపి ఉంచే పద్ధతి విలువ తెలుస్తుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా మనుషులను విడివిడిగా ఏడాదికోసారి మార్చింది. ప్రతి నెలా పాతవాళ్లు పోయి కొత్తవాళ్లు వచ్చేవారు. పక్కవాడి పేరు తెలుసుకునేలోపు అతని గడువు ముగిసేది. పైగా ఎవరు సైన్యంలో చేరాలన్నది కూడా 1969 డిసెంబరు 1న పుట్టిన తేదీల చీట్లు తీసి నిర్ణయించారు. తర్వాతి యుద్ధాల్లో అమెరికా బ్రిగేడ్లను మొత్తంగా పంపడం మొదలుపెట్టింది. మనుషులు చాలనప్పుడు అక్కడా గడువే పొడిగించారు. 2007 ఏప్రిల్‌లో ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలోని సైనికుల విడతను 12 నెలల నుంచి 15 నెలలకు పెంచారు. భారత సైన్యంలో నిర్బంధ సేవ లేదు, ఉన్నవారంతా స్వచ్ఛందంగా చేరినవారే. చేరడం వరకే స్వేచ్ఛ. ఎక్కడికి పంపితే అక్కడికి, నేల మీదైనా నీటి మీదైనా గాలిలోనైనా వెళ్తానని చేరేటప్పుడు చేసే ప్రమాణంలో ఉంటుంది. సముద్రం దాటి వెళ్లడానికి బెంగాల్ సైన్యం సిపాయిలు అభ్యంతరం చెబుతున్న కాలంలోనే, తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న మద్రాసు సైన్యం 1762లో మనీలాకు, 1811లో జావాకు, 1824లో బర్మాకు ఓడలెక్కింది. బెంగాల్ సైన్యంలో కొత్తగా చేరేవారికి కూడా 1856లో ఈ షరతు పెట్టడం మరుసటి ఏడాది తిరుగుబాటుకు దారితీసిన కారణాల్లో ఒకటిగా చరిత్రకారులు చెబుతారు.

2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్ ఈ లెక్కల్లో కొత్త అంశం చేర్చింది. నాలుగేళ్ల సేవలో శిక్షణ తీసేస్తే మూడేళ్ల పైచిలుకు మిగులుతుంది. అందులో ఒక ఫీల్డ్ విడత పడితే పీస్ రాకముందే గడువు ముగియవచ్చు. సెలవు కూడా ఏడాదికి 30 రోజులే. నాలుగేళ్ల తర్వాత ఎక్కువలో ఎక్కువ 25 శాతం మంది పూర్తి కాల సేవలోకి వెళ్తారు. ప్రాంతాల వారీ రెజిమెంట్ల స్థానంలో దేశమంతటి నుంచీ అందరినీ తీసుకునే పద్ధతి దీనితో విస్తరిస్తోంది కాబట్టి కోదాడ కుర్రాడు ఇకముందు తెలుగు మాట వినిపించని పటాలంలోనూ పడవచ్చు. మోహరింపులో మాత్రం అగ్నివీర్‌కు మినహాయింపు లేదు. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లితండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ 2025 మే నెలలో, ఆపరేషన్ సిందూర్ రోజుల్లో, నియంత్రణ రేఖ దగ్గర పాకిస్తాన్ కాల్పుల్లో మరణించారు. పూర్తి కాల జవాను కుటుంబానికి వచ్చే సాధారణ పింఛను అగ్నివీర్‌కు వర్తించదు. ప్రమాదం ఒకటే అయినప్పుడు దాని తర్వాత దక్కేది కూడా ఒకటే కావాలని కోరడం న్యాయమైన కోరిక.

పంపిన చోటికి వెళ్లకపోతే ఏమవుతుందన్నది 1950 ఆర్మీ చట్టం చెబుతుంది. 39వ సెక్షన్ ప్రకారం సెలవు లేకుండా గైర్హాజరు కావడం, 38వ సెక్షన్ ప్రకారం పారిపోవడం నేరాలు. ఫీల్డ్ విధుల్లో ఉన్నప్పుడు రెండోదానికి శిక్ష చాలా తీవ్రంగా ఉండవచ్చు. పోస్టింగ్‌ను కోర్టులో సవాలు చేసే దారి ఇరుకైనది. 2007లో వచ్చిన సాయుధ దళాల ట్రిబ్యునల్ చట్టం పోస్టింగులు, బదిలీలు, సెలవులను ట్రిబ్యునల్ విచారించే విషయాల నుంచి స్పష్టంగా తప్పించింది. హైకోర్టుకు వెళ్లవచ్చు, కానీ సైనికుల బదిలీల్లో కోర్టులు మామూలు ఉద్యోగుల విషయంలో కన్నా ఇంకా తక్కువగా జోక్యం చేసుకోవాలని మేజర్ జనరల్ జె.కె. బన్సల్ కేసులో సుప్రీంకోర్టు 2005లో చెప్పింది. మిగిలిన దారి విన్నపం. తల్లిదండ్రుల ప్రాణాంతక జబ్బు, భార్య అనారోగ్యం, వికలాంగ బిడ్డ వంటి కారణాలతో జవాను తన కమాండింగ్ ఆఫీసర్ ద్వారా దరఖాస్తు పెట్టుకుంటే, ఆసుపత్రి కాగితాలు, స్థానిక అధికారుల ధ్రువీకరణ చూసి, రికార్డ్స్ ఆఫీసు ఇంటికి దగ్గరగా ఖాళీ ఉంటే కొంతకాలానికి పోస్టింగ్ ఇస్తుంది. గడువు తీరాక అతడు మళ్లీ తన పటాలం ఎక్కడుంటే అక్కడికి చేరాలి.